4 సీడీలు, 23 కిలోలు

సూట్‌కేస్ హ్యాండిల్‌కి తగిలించి పైకి లేపితే బరువు చూపించే చిన్న మెషీన్ ఉంటుంది, చూశారా? పది రోజులుగా నా ప్రాణస్నేహితుడు అదే. నా టికెట్‌కి 23 కిలోల పెట్టె ఒక్కటే. బట్టలు పెడితే 15. అమ్మ లిస్టులోని చాక్లెట్లు, అత్తయ్య చెప్పిన విటమిన్ మాత్రలు కలిపితే 20. మిగిలిన మూడు కిలోల్లో మూడేళ్ల లండన్ పట్టాలి.

ఈ కాలమ్ రెగ్యులర్‌గా చదివేవాళ్లకి నేను లండన్‌లో కోడ్ రాసుకుని బతుకుతున్నానని తెలుసు. ఒక విషయం మాత్రం ఇన్నాళ్లూ రాయలేదు. మూడు నెలల క్రితం మా టీమ్ మొత్తాన్ని తీసేశారు. పదిహేను నిమిషాల వీడియో కాల్. చివర్లో 'ఎనీ క్వశ్చన్స్?' అని అడిగారు. ఎవరూ ఏమీ అడగలేదు. ఇక్కడ వర్క్ వీసా కంపెనీ స్పాన్సర్‌షిప్ మీద నడుస్తుంది. ఉద్యోగం పోతే వీసా గడువు కుదించేస్తారు, మామూలుగా 60 రోజులు ఇస్తారు. ఆలోపు ఇంకో స్పాన్సర్‌ని వెతుక్కోవాలి, లేదంటే సర్దుకోవాలి. పదకొండు ఇంటర్వ్యూలు ఇచ్చాను. ఇప్పుడు సర్దుకుంటున్నాను.

ఇంట్లో కూడా చెప్పలేదు. 'సెలవు మీద వస్తున్నా' అన్నాను. ఎన్నాళ్ల సెలవు అని వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు.

సర్దడంలో అడ్డం పడ్డవి సీడీలు. మొత్తం నలభై రెండు. నవ్వకండి. ఇక్కడ ప్రతి వీధిలో చారిటీ షాపులుంటాయి. జనం వాడేసిన వస్తువులు ఇచ్చేస్తే వాటిని అమ్మి, ఆ డబ్బు సేవా పనులకి వాడతారు. అక్కడ సీడీలు పౌండ్‌కి, రెండు పౌండ్లకి దొరుకుతాయి. ఆదివారం పూట బయట కాఫీ తాగినంత ఖర్చుతో ఒక ఆల్బమ్ వచ్చేది. ఒక పాత సీడీ ప్లేయర్ కూడా అలాగే కొన్నాను. రూమ్మేట్ మొదటి నుంచీ ఒకటే మాట: "అరేయ్ మామా, ఇవన్నీ ఫోన్లో ఉన్నాయి కదరా!" ఉన్నాయి. కానీ ఫోన్లో పాటలు ఉంటాయి, ఆల్బమ్ ఉండదు. ఎక్కువమంది విన్నది ముందు, వినంది అడుగున. సీడీ అలా కాదు. వాళ్లు ఏ వరసలో పేర్చారో ఆ వరసలోనే కూర్చోబెట్టి వినిపిస్తుంది.

ముప్పై ఎనిమిది సీడీలు ఒక్క సాయంత్రంలో పంచేశాను. నాలుగు దగ్గర చెయ్యి ఆగిపోయింది. బ్లర్ బ్యాండ్ మొదటి నాలుగు ఆల్బమ్‌లు.

బ్లర్ పేరు వినకపోయినా వాళ్ల పాట ఒకటి మీరు కచ్చితంగా వినుంటారు. 'సాంగ్ 2'. రెండు నిమిషాల పాట, స్టేడియంలో అందరూ కలిసి అరిచేది. అది వచ్చింది 1997లో, నేను పుట్టిన ఏడాది. నేను మొదట విన్నది బందరులో, మా బావ కంప్యూటర్లో. ఫిఫా 98 గేమ్ మొదలవగానే అదే వచ్చేది. అప్పటికే ఆ గేమ్ పాతది, కంప్యూటర్ ఇంకా పాతది. పాట ఎవరిదో మా ఇద్దరికీ తెలీదు. అరుపు ఒక్కటే వచ్చు.

దానికి ముందు కథే ఈ నాలుగు సీడీలు. 1990ల మధ్యలో ఇంగ్లండ్‌లో కొన్ని బ్యాండ్లు తమ యాసలో, తమ వీధుల గురించి, తమ ఆదివారాల గురించి పాడటం మొదలుపెట్టాయి. బ్లర్, ఒయాసిస్, పల్ప్, స్వేడ్. దానికి పత్రికలు పెట్టిన పేరు బ్రిట్‌పాప్. బ్లర్‌లో నలుగురు. పాడేది డేమన్ అల్బార్న్, గిటార్ గ్రాహమ్ కాక్సన్, బేస్ అలెక్స్ జేమ్స్, డ్రమ్స్ డేవ్ రౌన్‌ట్రీ. డేమన్, గ్రాహమ్ ఎసెక్స్‌లోని కోల్చెస్టర్ దగ్గర ఒకే స్కూల్లో చదువుకున్నారు. డేవ్ గురించి తెలిసినప్పుడు నేను ఎగిరి గంతేశాను. బ్యాండ్‌కి ముందు ఆయన కోల్చెస్టర్ కౌన్సిల్‌లో కంప్యూటర్ ప్రోగ్రామర్. అంటే మనోడే!

సరే, రూల్ పెట్టుకున్నాను. రాత్రికి ఒక ఆల్బమ్. మొదటి నుంచి చివరి దాకా, స్కిప్ లేకుండా. నచ్చనిది వెళ్లిపోతుంది.

మొదటి రాత్రి 'లీజర్'. 1991 ఆగస్టు. కవర్ మీద పూల టోపీ పెట్టుకుని ఈతకి సిద్ధమైన అమ్మాయి ఫొటో. కంపెనీ కాంట్రాక్టు వచ్చిన కొత్తలో చేసిన ఆల్బమ్. అప్పట్లో ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ బ్యాండ్ల హవా. డాన్స్ బీటు, దాని మీద మత్తుగా తిరిగే గిటార్. వీళ్లూ అదే చేశారు. చార్టులో 7వ స్థానం దాకా వెళ్లింది కాబట్టి ఫ్లాప్ అనలేం. కానీ వింటుంటే తెలిసిపోతుంది, ఎవరిదో కోడ్ కాపీ చేసి వేరియబుల్ పేర్లు మార్చినట్టుంటుంది. నా మొదటి ఏడాది కోడ్ కూడా అలాగే ఉండేది, అందుకే వెంటనే పట్టేశాను. మాటల్లో మనుషులు లేరు, ఊరు లేదు. డేమన్ కూడా తర్వాత్తర్వాత ఈ ఆల్బమ్ చెత్త అని తనే ఒప్పుకున్నాడు.

'ఇది పోతుంది' అనుకుంటుండగా 'సింగ్' వచ్చింది. ఆరు నిమిషాల పాట. పియానో మీద అవే నోట్లు మళ్లీ మళ్లీ, కింద డ్రమ్స్ ఎక్కడా తగ్గవు. పక్క పాటలన్నీ ఎవరినో మెప్పించాలని చూస్తుంటే ఈ ఒక్కటీ ఎవరినీ పట్టించుకోదు. అమెరికాలో ఆల్బమ్ విడుదల చేసినప్పుడు ఈ పాటని తీసేశారు కూడా. ఐదేళ్ల తర్వాత, 1996లో, 'ట్రైన్‌స్పాటింగ్' సినిమా సౌండ్‌ట్రాక్‌లోకి ఇదే పాటని తీసుకున్నారు. మనం తీసి పక్కన పడేసినది ఎవరికి ఎప్పుడు పనికొస్తుందో చెప్పలేం. ప్లేయర్ ఆపి, సీడీని 'ఆలోచించాలి' కుప్పలో పెట్టాను.

రెండో రాత్రి వినే ముందు కొంచెం కథ చెప్పాలి.

1992లో వీళ్ల పరిస్థితి ఏమీ బాగోలేదు. డబ్బు వ్యవహారాలు చూసేవాళ్ల నిర్వాకం వల్ల 60,000 పౌండ్ల అప్పు మిగిలింది. ఎంతో ఆశపెట్టుకున్న 'పాప్‌సీన్' సింగిల్ 32వ స్థానంలో ఆగిపోయింది. అప్పు తీర్చడానికి అమెరికా టూర్‌కి వెళ్లారు. అక్కడ అప్పటికే నిర్వాణా గాలి వీస్తోంది, వీళ్లని పట్టించుకున్నవాళ్లు తక్కువ. నెలల తరబడి బస్సులో తిరుగుతూ తాగడం, కొట్టుకోవడం. డేమన్‌కి ఇంటి మీద బెంగ పట్టుకుంది. ఇంగ్లండ్‌లో ఉన్నప్పుడు గమనించను కూడా గమనించని చిన్న చిన్న విషయాలు గుర్తొచ్చాయట. కింక్స్ అనే పాత ఇంగ్లిష్ బ్యాండ్ క్యాసెట్ వింటూ, తనకి దూరమైన ఊరిని తనే పాటల్లో కట్టుకోవడం మొదలుపెట్టాడు.

తిరిగొచ్చేసరికి ఇక్కడ పత్రికలకి కొత్త ముద్దుబిడ్డ దొరికాడు, స్వేడ్. ఆ రెండు బ్యాండ్లూ ఆడిన ఒక షోలో బ్లర్ తాగేసి స్టేజీ ఎక్కి పరువు పోగొట్టుకుంది. రికార్డ్ కంపెనీ ఫుడ్ రికార్డ్స్ నడిపే డేవ్ బాల్ఫ్, ఇలాగైతే పంపించేస్తామని చెప్పేశాడు. అంటే వీళ్లకీ ఒక మీటింగ్ అయింది. తేడా ఏంటంటే, వీళ్లకి ఇంకొక్క ఛాన్స్ ఇచ్చారు.

అది కూడా సాఫీగా లేదు. మొదట ఎక్స్‌టీసీ బ్యాండ్ ఆండీ పార్ట్రిడ్జ్‌తో రికార్డింగ్ మొదలుపెట్టి, కుదరక వదిలేశారు. తర్వాత ఒక కచేరీలో గ్రాహమ్‌కి పాత ప్రొడ్యూసర్ స్టీఫెన్ స్ట్రీట్ కనిపించడంతో మళ్లీ ఆయనతో కూర్చున్నారు. 1992 డిసెంబర్‌లో ఆల్బమ్ పట్టుకెళితే, 'ఇందులో హిట్టయ్యే పాట ఒక్కటీ లేదు, వెనక్కి తీసుకెళ్లండి' అన్నారు. ఆ క్రిస్మస్‌కి అమ్మానాన్నల ఇంట్లో కూర్చుని డేమన్ 'ఫర్ టుమారో' రాశాడు. తర్వాత అమెరికా కంపెనీ మాకూ ఒక సింగిల్ కావాలంటే 'కెమికల్ వరల్డ్' ఇచ్చారు. మొత్తం ఆల్బమ్‌ని నిర్వాణా ప్రొడ్యూసర్ బుచ్ విగ్‌తో మళ్లీ చేయమంటే మాత్రం కుదరదన్నారు.

అలా 1993 మేలో వచ్చింది 'మోడర్న్ లైఫ్ ఈజ్ రబిష్'. ఆ పేరు లండన్ గోడ మీద రాసి ఉంటే చూసి పెట్టుకున్నారు. కవర్ మీద బొగ్గు రైలింజన్ పెయింటింగ్. దాని పేరు మలార్డ్. 1938లో గంటకి 126 మైళ్ల వేగంతో రికార్డు కొట్టిన ఇంజన్. అందరూ అమెరికా వైపు చూస్తున్న టైంలో వీళ్లు కావాలనే మా తాతల నాటి రైలు అని అట్ట మీద వేసుకున్నారు.

మొదటి పాటే 'ఫర్ టుమారో'. వయొలిన్లు, కోరస్, ఊరంతా తిరిగి చివరికి ప్రిమ్‌రోజ్ హిల్ దగ్గరికి చేరే పాట. లీజర్ విన్న మర్నాడే ఇది వింటే ఇద్దరూ ఒకే మనుషులా అనిపిస్తుంది. గొంతులో యాస వచ్చింది. మాటల్లో మనుషులొచ్చారు. టైమ్‌కి ఆఫీసుకెళ్లే కోలిన్ జీల్ అనే ఆయన, ఆదివారం భోజనం, జీన్స్ వేసుకుని సంతలో తిరిగే శనివారం. అన్నీ చిన్న విషయాలే. సగంలో 'ఇంటర్‌మిషన్' ఉంటుంది, అవును, మన సినిమాలో లాగా ఇంటర్వెల్! పియానో నెమ్మదిగా మొదలై, వేగం పెరుగుతూ పెరుగుతూ చివరికి కంట్రోల్ తప్పి గోలగోలగా ఆగిపోతుంది. ఆల్బమ్ చివరి పాట పేరు 'రిజైన్డ్'. ఉద్యోగం పోయినవాడికి ఇంతకంటే ఏం కావాలి? చీకట్లో ఒక్కణ్నే నవ్వుకున్నాను.

ఇంత చేస్తే ఇది 15వ స్థానానికే వెళ్లింది. మొదటి ఆల్బమ్ కంటే తక్కువ! ఇది నాకు ముందే తెలుసు. కానీ వరసగా వింటున్నప్పుడు ఆ నంబర్ వేరేగా తగిలింది. బాగుపడింది ఆల్బమ్, పడిపోయింది ర్యాంకు. రెండూ ఒకేసారి జరుగుతాయన్నమాట. పదకొండు ఇంటర్వ్యూల తర్వాత నేను మర్చిపోయిన విషయం అది. మొదటి ఇంటర్వ్యూ కంటే పదకొండోది చాలా బాగా చేశాను. అది కూడా పోయింది.

మర్నాడు మధ్యాహ్నం ప్రిమ్‌రోజ్ హిల్‌కి వెళ్లాను. మూడేళ్లలో వెళ్లనే లేదు. రీజెంట్స్ పార్క్ పక్కన పెద్ద గడ్డి దిబ్బ, అంతే. పైకెక్కితే లండన్ మొత్తం కనిపిస్తుంది. కుక్కల్ని తిప్పేవాళ్లు, స్కూలు పిల్లలు. మా ఆఫీసు ఉన్న బిల్డింగ్ ఎటో వెతికి, కాసేపటికి మానేశాను.

మూడో రాత్రి 'పార్క్‌లైఫ్'. 1994 ఏప్రిల్. పదహారు పాటలు, కవర్ మీద పందెంలో పరిగెత్తే కుక్కలు. నేరుగా నంబర్ 1. బ్రిటన్‌లోనే పది లక్షలకు పైగా అమ్ముడైంది, మరుసటి ఏడాది ఒక్క రాత్రిలో నాలుగు బ్రిట్ అవార్డులు. నా కాపీ బుక్‌లెట్ మీద ఎవరో నీలం పెన్నుతో 'క్రిస్మస్ 94' అని రాసుకున్నారు. ఎవరికో ఎవరో ఇచ్చిన గిఫ్ట్, తిరిగి తిరిగి నా దగ్గరికొచ్చింది. ఈ ఆల్బమ్ గురించి అందరూ చెప్పేది 'గర్ల్స్ అండ్ బాయ్స్' గురించి, నటుడు ఫిల్ డేనియల్స్ మాటలతో సాగే టైటిల్ పాట గురించి. నేను చెప్పాలనుకున్నది చివర్లో వచ్చే 'దిస్ ఈజ్ ఎ లో' గురించి.

బీబీసీ రేడియోలో 'షిప్పింగ్ ఫోర్‌కాస్ట్' అని వస్తుంది. బ్రిటన్ చుట్టూ సముద్రాన్ని 31 ప్రాంతాలుగా విడగొట్టి, ఒక్కో పేరూ చదువుతూ గాలి ఎటు, ఎంత, వాన ఉందా, దూరం కనిపిస్తుందా అని చెబుతారు. డాగర్, ఫిషర్, జర్మన్ బైట్, ఇలా. సముద్రం ముఖం చూడనివాళ్లు కూడా నిద్రపోయే ముందు జోలపాటలా వింటారు. ఆ అమెరికా టూర్‌లో వీళ్లు ఇంటి బెంగతో వింటూ కూర్చున్నది కూడా ఇదేనట. తర్వాత ఈ ట్యూన్‌కి మాటలు దొరక్క డేమన్ ఇబ్బంది పడుతుంటే, అలెక్స్ క్రిస్మస్‌కి ఇచ్చిన చేతిరుమాలు పనికొచ్చింది. దాని మీద ఆ సముద్ర ప్రాంతాల మ్యాప్ అచ్చు వేసి ఉంది. ఆ పేర్లు పట్టుకుని దేశం చుట్టూ ఒక ప్రదక్షిణ చేసినట్టు పాట రాశాడు.

'లో' అంటే ఏంటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అల్పపీడనం. బందరు పిల్లలకి అమ్మ, నాన్న తర్వాత వచ్చే మాట అది. గిలకలదిండి హార్బర్ దగ్గర నాన్నకి వలల షాపు ఉంది. చిన్నప్పుడు మా ఇంట్లో రేడియో పెట్టేది పాటల కోసం కాదు, 'మత్స్యకారులు వేటకు వెళ్లరాదు' అన్న మాట కోసం. ఆ మాట వస్తే షాపు ఖాళీ, నాన్న మౌనం. పోర్టులో ఎన్నో నంబరు హెచ్చరిక ఎగరేశారో నాకు ఎక్కాల కంటే ముందు వచ్చు. ఏడు సముద్రాల అవతల నలుగురు కుర్రాళ్లు అదే విషయం మీద పాట కట్టారని, దాన్ని వింటే భయం బదులు నిమ్మదిగా ఉంటుందని నాకు ఇరవై ఆరేళ్లొచ్చాకే తెలిసింది.

పాట అయ్యాక టైమ్ చూశాను. రాత్రి పన్నెండున్నర. అక్కడ తెల్లారింది. నాన్న లేచే టైమ్. ఫోన్ చేశాను.

ఎప్పట్లాగే మొదటి ప్రశ్న, "అక్కడ వానా?"

"లేదు నాన్నా. ఇక్కడ ఒక పాట ఉంది, అల్పపీడనం మీద."

"అల్పపీడనం మీద పాటా? ఎవడు కొన్నాడ్రా దాన్ని?"

"పది లక్షల మంది."

నాన్న కాసేపు నవ్వారు. ఆ నవ్వు ఆగేలోపే చెప్పేశాను. ఉద్యోగం పోయింది నాన్నా, సెలవు కాదు, వచ్చేస్తున్నాను అని. అవతల కప్పు కింద పెట్టిన చప్పుడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

"అప్పేమైనా ఉందా?"

"చదువు లోన్ ఇంకా రెండేళ్లుంది."

"సరే. అల్పపీడనాలన్నీ వాయుగుండాలవ్వవులే. మీ అమ్మకి నేను చెబుతా, నువ్వు చెప్పకు, ఏడుస్తుంది." మళ్లీ కాసేపాగి, "ఆ పాట పట్టుకురా, విందాం" అన్నారు.

నాలుగో రాత్రి 'ది గ్రేట్ ఎస్కేప్' పెట్టేసరికి మనసు తేలిగ్గా ఉంది. పాపం, ఆల్బమే బరువుగా ఉంది. 1995 సెప్టెంబర్‌లో వచ్చింది. దానికి నెల ముందు జరిగిన పోటీ బ్రిట్‌పాప్‌లో అందరికీ తెలిసిన కథ. ఆగస్టు 14న బ్లర్ 'కంట్రీ హౌస్', ఒయాసిస్ 'రోల్ విత్ ఇట్' ఒకే రోజు విడుదల. మన సంక్రాంతికి ఇద్దరు హీరోల సినిమాలు పడ్డట్టే. టీవీ వార్తల్లోకి కూడా ఎక్కింది. బ్లర్ 2,74,000 కాపీలతో గెలిచింది, ఒయాసిస్ 2,16,000. తమాషా ఏంటంటే, 'కంట్రీ హౌస్'లో ఊరి బయట పెద్ద బంగళా కొనుక్కున్న పెద్దమనిషి ఎవరో కాదు, వాళ్లని పంపించేస్తానన్న డేవ్ బాల్ఫే. కంపెనీ అమ్మేసి అలాగే వెళ్లిపోయాడు.

ఆ వారం గెలిచారు, ఆల్బమ్ కూడా నంబర్ 1 అయింది. కానీ తర్వాతి నెలలో వచ్చిన ఒయాసిస్ ఆల్బమ్ అమ్మకాల్లో దీన్ని ఎక్కడో వదిలేసి వెళ్లిపోయింది. ఇప్పుడు వింటే కారణం కనిపిస్తుంది. 'ది యూనివర్సల్' లాంటి గొప్ప పాట ఉంది, కాదనను. మిగతా చాలా పాటల్లో మళ్లీ మనుషులే ఉన్నారు, కానీ ఈసారి వాళ్లని దగ్గరగా కాకుండా పైనుంచి చూసి నవ్వుతున్నట్టుంటుంది. 'మోడర్న్ లైఫ్'లో బెంగతో రాసినవే ఇక్కడ అలవాటుతో రాసినట్టున్నాయి. డేమన్ కూడా తన చెడ్డ ఆల్బమ్‌ల లెక్కలో లీజర్ పక్కన దీన్నే పెట్టాడు. తర్వాత 1997లో అన్నీ వదిలేసి కొత్త దారి పట్టారు. అప్పుడే మా బావ కంప్యూటర్లో అరుపు పుట్టింది.

నిన్న చారిటీ షాపుకి వెళ్లి 'ది గ్రేట్ ఎస్కేప్' ఇచ్చేశాను. కౌంటర్ దగ్గర పెద్దావిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, షెల్ఫ్‌లో పెట్టారు. అక్కడ అప్పటికే అదే ఆల్బమ్ ఇంకో రెండు కాపీలున్నాయి.

నంబర్ 1ని ఇచ్చేసి, వాళ్లే చెత్త అన్న లీజర్‌ని ఉంచుకోవడం ఏంటని రూమ్మేట్ అడిగాడు. మోడర్న్ లైఫ్ ఒక్కటే వింటే అది మంచి ఆల్బమ్, అంతే. లీజర్ విన్నాక వింటే, ఆ నలుగురు ఎక్కణ్నుంచి ఎక్కడికి వచ్చారో తెలుస్తుంది. నా పాత కోడ్ కూడా నేను డిలీట్ చెయ్యను. అప్పుడప్పుడూ తెరిచి చూసి సిగ్గుపడతాను, మళ్లీ మూసేస్తాను. వాడికి ఇదంతా చెబితే, "సరే మామా, సీడీ ప్లేయర్ నాకిచ్చెయ్" అన్నాడు. ఇచ్చేశాను. బందరులో వెతుక్కోవాలి.

మూడు సీడీలు కలిపి మూడు వందల గ్రాములకి అటూ ఇటూ. పెట్టె తూకం వేశాను. 22.8. అత్తయ్య విటమిన్లు కూడా పట్టాయి.

వచ్చే వారం కాలమ్ బందరు నుంచి. ఇంట్లో సీడీ ప్లేయర్ ఊరికే పడి ఉంటే పారెయ్యకండి, ఒక్కసారి పెట్టి చూడండి. నాన్న ఇప్పుడే మెసేజ్ పెట్టారు, అక్కడ వాన పడుతోందట.